ఇంటిపేరు మారిస్తే వీసా తొందరగా వస్తుందా?

మా చిన్నమ్మాయికి పెళ్ళి కుదిరింది. అబ్బాయికి అమెరికాలో, డాలస్‌లో ఉద్యోగం. లగ్నపత్రిక రాసుకుని వారం తిరక్కముందే వియ్యపురాలు ఫోన్‌ చేసింది. “వదినా, అమ్మాయి పాస్‌పోర్టుల మా ఇంటిపేరు ఎక్కియ్యుండ్రి. ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరుంటె వీసా జల్ది వస్తదంట” అన్నది. ఆమె మాటలో పెత్తనమేమీ లేదు. కోడలు త్వరగా కొడుకు దగ్గరికి చేరాలన్న ఆత్రమే ఉంది. మావారైతే మర్నాడే మహబూబ్‌నగర్‌ పోయి దరఖాస్తు పెడదామన్నారు. నేనే ఆపాను. మా అక్క కూతురు పడ్డ తిప్పలు ఇంకా నా కళ్ళముందే ఉన్నాయి మరి!

ఆ పిల్ల పుట్టింటి పేరుతోనే హెచ్‌-4 వీసా మీద అమెరికా వెళ్ళింది. అక్కడ పనికి అనుమతి కార్డు, సోషల్‌ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్‌ లైసెన్సు, బ్యాంకు ఖాతా అన్నీ ఆ పేరు మీదే వచ్చాయి. 2023లో పాస్‌పోర్టు గడువు తీరింది. “ఎట్లాగూ కొత్తది తీసుకుంటున్నవు గద, మన ఇంటిపేరు పెట్టియ్యరాదూ” అని అత్తగారంటే సరేనంది. పాస్‌పోర్టులో పేరు మారింది. మిగతా కాగితాల్లో మారలేదు.

మరుసటి ఏడాది మా బావగారికి హైదరాబాదులో గుండె ఆపరేషన్‌ చేయాల్సి వచ్చింది. కంగారులో అలవాటైన పాత పేరుతోనే టికెట్‌ కొన్నది. తీరా విమానాశ్రయానికి పోతే టికెట్‌ మీద ఒక పేరు, పాస్‌పోర్టు మీద ఒక పేరు! విమానం ఎక్కనివ్వలేదు. ఇంకో టికెట్‌ కొనుక్కుని వచ్చేసరికి ఆపరేషన్‌ అయిపోయింది. బావగారు కోలుకున్నారు గానీ, “లోపలికి తీస్కపోయేటప్పుడు నాన్న నా కోసమే చూసిండంట చిన్నమ్మా” అని ఆ పిల్ల ఇప్పటికీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

తిరిగి వెళ్ళేటప్పుడు మరో గండం. వీసా ముద్ర పాత పాస్‌పోర్టులో, పాత పేరు మీద ఉంది. రెండు పాస్‌పోర్టులూ, పెళ్ళి సర్టిఫికెట్టూ పట్టుకుని బిక్కుబిక్కుమంటూ వెళ్ళింది. పాస్‌పోర్టు గడువు తీరినంత మాత్రాన అందులోని వీసా చెల్లకుండా పోదు. కానీ చట్టప్రకారం పేరు మారినవాళ్ళు కొత్త వీసా తీసుకోవడం మంచిదని అమెరికా విదేశాంగ శాఖ సలహా ఇస్తోంది. కొత్త వీసా అంటే మాటలా? 2025 సెప్టెంబరు 2 నుంచి చాలామందికి ఇంటర్వ్యూ మినహాయింపు తీసేశారు. సొంత దేశంలోనో, నివాసముండే దేశంలోనో దరఖాస్తు పెట్టుకోవాలని కూడా ఆ నెలలోనే చెప్పారు. పక్క దేశానికి పోయి ముద్ర వేయించుకొద్దామనుకునే వాళ్ళకు ఆ దారి కష్టమైపోయింది.

చట్టం ఏమంటోంది?

పెళ్ళయిన స్త్రీ భర్త ఇంటిపేరు పెట్టుకుని తీరాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పడం లేదు. పెళ్ళయ్యాక ఆడవాళ్ళు పాస్‌పోర్టులో పేరు మార్చుకోనక్కర్లేదని 2017 ఏప్రిల్‌లో సాక్షాత్తు ప్రధాని మోదీయే ప్రకటించారు.

ఇక వీసా సంగతి. హెచ్‌-4 వీసాకు మీరిద్దరూ భార్యాభర్తలని రుజువు కావాలి. దానికి పెళ్ళి సర్టిఫికెట్‌ చూపాలి. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరై ఉండాలన్న నిబంధన లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అయినా మనం పత్రికలు, పందిళ్ళ మీద పెట్టే శ్రద్ధ ఆ కాగితం మీద పెట్టం!

ఒకసారి మార్చుకుంటే వెనక్కి రావడం కూడా తేలిక కాదు. గెజిట్‌లో మళ్ళీ పుట్టింటి పేరుకు మారాలంటే విడాకుల డిక్రీ గానీ, భర్త ఇచ్చిన నిరభ్యంతర పత్రం గానీ తేవాలని కేంద్రం నిబంధన పెట్టింది. దాన్ని సవాలు చేస్తూ ఒక మహిళ దిల్లీ హైకోర్టుకు వెళ్తే, 2024లో కోర్టు కేంద్రానికి నోటీసు ఇచ్చింది. తన పేరు తాను తిరిగి తెచ్చుకోవడానికి ఇంకొకరి సంతకం కావాలా?

జపాన్‌లో దంపతులిద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలని చట్టమే ఉంది. అక్కడి సుప్రీంకోర్టు 2015లోనూ, 2021లోనూ అది సరైనదేనంది. ఎవరి పేరైనా పెట్టుకోవచ్చని చట్టం అంటున్నా, మార్చుకునేది దాదాపు అందరూ ఆడవాళ్ళే. మన దగ్గర చట్టం లేకపోయినా ఆ మాట ఆడపిల్లనే అడుగుతున్నాం. డాలస్‌ అబ్బాయిని ఎవరమైనా అడిగామా?

ఊళ్ళో ఒకటి, విదేశంలో ఒకటి

నేను తిమ్మాజిపేటకు కోడలినై వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. నా పదో తరగతి మెమోలో నాన్నగారి ఇంటిపేరు, రేషన్‌ కార్డులో మావారి ఇంటిపేరు. ఎన్నడూ తకరారు రాలేదు. పోస్టుమాన్‌ నుంచి పంచాయతీ ఆఫీసు దాకా నేనెవరో అందరికీ తెలుసు. విదేశంలో మనల్ని ఎరిగిన మనిషి ఉండడు, కాగితమే మాట్లాడాలి.

పైగా మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ళ సర్‌నేమ్‌ వెనకుంటుంది. మనవాళ్ళకు ఇంటిపేరంటే చాలాసార్లు మెమో మీద ఒక్క పొడి అక్షరమే. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్ళకు అమెరికా వీసాలో మొదటి పేరు తెలియదనే అర్థంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని కొడతారు. అలా ఒకే పేరున్న పాస్‌పోర్టులతో సందర్శక వీసా మీద వచ్చేవాళ్ళను రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ కూడా అన్నది. కాబట్టి ఇంటిపేరు పూర్తిగా రాయించుకోవడం అవసరమే. అది పెళ్ళికి ముందే, మెమోలో ఉన్నట్టుగా రాయించుకోవాలి.

మార్చుకోవాలనే ఉంటే?

కొందరికి భర్త ఇంటిపేరు పెట్టుకోవడం ఇష్టం. అందులో తప్పేమీ లేదు. అలాంటప్పుడు వీసాకు దరఖాస్తు పెట్టకముందే పాస్‌పోర్టు మార్పించుకోవాలి. వీసా మీద అక్కడికి వెళ్ళాక మారిస్తే వర్క్‌ కార్డు, సోషల్‌ సెక్యూరిటీ, లైసెన్సు, బ్యాంకు, ఆఫీసు రికార్డు అన్నీ వరుసగా మార్పించాల్సిందే. టికెట్‌ ఎప్పుడూ పాస్‌పోర్టులో ఉన్న పేరు మీదే కొనాలి. పాత పాస్‌పోర్టు, పెళ్ళి సర్టిఫికెట్‌ వెంట ఉండాలి.

ఇవన్నీ వియ్యపురాలికి ఫోన్‌లో చెప్పాను. ఇంకో మాట కూడా అన్నాను. “వదినా, అమ్మాయి పుట్టిన సర్టిఫికెట్ల తిమ్మాజిపేట మహబూబ్‌నగర్‌ జిల్లా, ఆంధ్రప్రదేశ్‌ అని ఉన్నది. 2014ల రాష్ట్రం మారె, 2016ల జిల్లా నాగర్‌కర్నూల్‌ ఆయె. అడిగినకాడల్లా ఆ కథ చెప్పుడే అయితది. దానికి తోడు పేరు కథ కూడ ఎందుకు?”

ఆమె నవ్వింది. “అమ్మాయి ఏమంటదో అడిగినవా?” అన్నది.

నిజమే, అప్పటిదాకా మేమెవరం అడగలేదు. పిలిచి అడిగితే, “మెమోల ఉన్న పేరే ఉండనియ్యమ్మా. మార్చుకోవాలనిపిస్తె నేనే చెప్త” అన్నది. వియ్యపురాలు ఒప్పుకుంది. పెళ్ళైన మూడోనాడు అందరం కలిసి సబ్‌రిజిస్ట్రార్‌ ఆఫీసుకు పోదామని అనుకున్నాం.