పాటలపెట్టెకు తెలుగు వచ్చునా?

ఇంట్లో ఉన్న పాటలనూ సినిమాలనూ ఒకచోట చేర్చి, ఏ గదిలో కూర్చున్నా వినేందుకు వీలుగా ఒక చిన్న కంప్యూటరును పెట్టుకోదలచిన మిత్రులు ముందుగా అడిగే ప్రశ్న, “ఏ ప్రాసెసరు తీసుకోమంటారు?” అని. నా మటుకు నాకు అది నాలుగో ప్రశ్నో అయిదో ప్రశ్నో కావలసినది. ఆ పెట్టెకు తెలుగు వచ్చునా అన్నది మొదటి ప్రశ్న.

బలం సంగతి ముందే తేల్చేద్దాం, అది చిన్న లెక్కే కనుక. సీడీలోని సంగీతం సెకనుకు 44,100 నమూనాలు. ఒక్కొక్కటి 16 బిట్లు. ఎడమా కుడీ కలిపి రెండు వరుసలు. గుణిస్తే సెకనుకు సుమారు 14 లక్షల బిట్లు. నాణ్యత పోకుండా ఫ్లాక్ రూపంలో కుదిస్తే ఇంచుమించు సగానికి దిగుతుంది. పాతకాలపు నూరు మెగాబిట్ల తీగ కూడా ఇటువంటి ప్రవాహాలను డెబ్భయింటిని ఒకేసారి మోయగలదు. సర్వరంటే వడ్డించేవాడే కదా. వంట లేనిచోట వడ్డనకు పహిల్వాను ఎందుకు? వంట కావలసినది సినిమాలకే. టీవీకి అర్థంకాని రూపంలో ఉన్న వీడియోను అప్పటికప్పుడు మార్చి పంపాలంటే అందుకు ప్రత్యేకమైన ఏర్పాటు ప్రాసెసరులోనే ఉండాలి. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100లో ఆ ఏర్పాటు ఉంది. అదే ఏడాది వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5లో లేదు. సినిమాలు ముఖ్యమనుకునేవారికి ఈ ఒక్క తేడా చాలు.

ఇక తెలుగు. మన బ్లాగుల తొలినాళ్లలో అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తున్నాయని ఉత్తరాలు రాసినవారూ, వాటికి ఓపికగా జవాబులు చెప్పినవారూ ఇది చదువుతున్నారు కనుక ధైర్యంగా చెబుతున్నాను: ఆ డబ్బాలు మనలను విడిచిపోలేదు, పాటల యంత్రాలలోకి కాపురం మార్చాయంతే. ఎంపీత్రీ పాటకు వెనుక తగిలించే పాత వివరాలచీటీలో, అంటే ఐడీత్రీ మొదటి రూపంలో, పాట పేరుకు 30 బైట్లే చోటు. అది ఇంగ్లీషు లిపికోసం చేసినది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తింటుంది. ఆ చోటులో తెలుగును బలవంతాన కుక్కితే “ఎందరో మహాన” దగ్గర ఊపిరి ఆగిపోతుంది. తరువాతి రూపాలలో యూనికోడుకు తావిచ్చారు. ఫ్లాక్‌లోనైతే వివరాలన్నీ మొదటినుంచీ యూటీఎఫ్-8లోనే ఉంటాయి. నేను ఫ్లాక్‌ను మెచ్చుకోవడానికి చెవికన్నా ఇదే పెద్ద కారణం.

ఫైళ్ల పేర్లతో మరొక చిక్కు. విండోస్‌లో పేరుకు 255 సంకేతాలదాకా చెల్లుతుంది. లినక్సులో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4లో 255 బైట్లదాకానే, అంటే 85 తెలుగు సంకేతాలు. ఒత్తూ గుణింతమూ విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక “స్త్రీ” అన్న ఒక్క అక్షరానికే 18 బైట్లు ఖర్చు. కీర్తన, రాగం, తాళం, గాయకుడు, కచేరీ జరిగిన ఊరు అంటూ శ్రద్ధగా పేరు పెట్టుకున్నవారి ఫైళ్లనే కొత్త పెట్టె నిరాకరిస్తుంది! వివరాలను చీటీలో ఉంచి, ఫైలుపేరును పొట్టిగా పెట్టుకోవడమే దీనికి మందు.

అన్నిటికన్నా చిత్రమైనది కంటికి కనబడని సంకేతం. “రాజన్” అని కొందరు నకారపొల్లుతో ఆపేస్తారు. కొందరి కీబోర్డు ఆ పొల్లు వెనుక కలయికను ఆపే ఒక శూన్యచిహ్నాన్ని చేరుస్తుంది. చూపుకు రెండూ ఒకటే. సర్వరు మాత్రం రాజన్–నాగేంద్రలను రెండు జంటలుగా విడగొట్టి, సగం పాటలు ఇక్కడా సగం పాటలు అక్కడా చూపే ప్రమాదం ఉంది. ఏ ప్రాసెసరూ దీనిని నయం చెయ్యదు. మనం కూర్చుని దిద్దుకోవలసినదే.

అందుచేత, తన బుల్లి తెరమీద పేర్లు చూపించే తయారీ పెట్టెలకన్నా, మామూలు లినక్సు నడిచి, పాటల పట్టికను మన ఫోనులోనో బ్రౌజరులోనో చూపే చిన్న కంప్యూటరే మనకు మేలు. తెలుగు ఖతి ఫోనులో ఎలాగూ ఉంటుంది.

సాఫ్టువేరు ఎంపికలో నాకొక చరిత్ర ఎప్పుడూ గుర్తుకు వస్తుంది. స్లిమ్ డివైసెస్ అనే చిన్న సంస్థ 2001లో ఇంటి నెట్‌వర్కుమీద పాటలు వినిపించే స్లింపీత్రీ పరికరాన్ని తెచ్చింది. 2006లో దానిని లాజిటెక్ కొన్నది. 2012లో ఆ పరికరాల శ్రేణిని ఆపేసింది. వాటికి ఆసరాగా ఉన్న వెబ్‌సేవ 2024లో మూతపడింది. కానీ సర్వరు సాఫ్టువేరు స్వేచ్ఛగా అందరికీ అందుబాటులో ఉన్నది కనుక, అభిమానులు దానిని లిరియన్ మ్యూజిక్ సర్వర్ అన్న పేరుతో నడుపుకుంటున్నారు. సినిమాలకు వాడే జెల్లీఫిన్ కూడా ఇటువంటిదే. ఎంబీ తన మూలపాఠానికి తలుపులు మూసినప్పుడు, 2018లో విడిగా మొలిచిన కొమ్మ అది. పెట్టె అయిదేళ్లకు పోవచ్చు. మనం దిద్దుకున్న వివరాలు పోకూడదు.

పెట్టె విషయంలో నా ఓటు ఆఫీసులు వాడి అమ్మేసే, నిఘంటువంత ఉండే చిన్న డెస్కుటాపులకు. డెల్, హెచ్‌పీ, లెనోవో మూడూ అటువంటివి చేశాయి. రాస్ప్‌బెర్రీ పై మీద నాకు ప్రేమ లేకపోలేదు, కానీ ఆ పలక ధర చూసి మురిసిపోరాదు. డబ్బా, అడాప్టరు, కార్డు, డిస్కు అన్నీ వేరే కొనాలి. పై 4లోని యూఎస్‌బీ ద్వారాలన్నీ కలిసి ఇవ్వగలిగే విద్యుత్తు 1.2 ఆంపియర్లే, తిరిగే డిస్కుకు అది చాలకపోవచ్చు. పైగా మన ఊళ్లలో కరెంటు చెప్పి పోదు. వ్రాస్తున్న వేళ పోతే మెమొరీ కార్డు చెడడం తరచు జరిగేదే. వాడిన డెస్కుటాపులో డిస్కు లోపలే ఉంటుంది. పని లేనప్పుడు పది వాట్ల అటూ ఇటూ తింటుందనుకుంటే ఏడాదికి 88 యూనిట్లు. అటకమీది పాత కంప్యూటరు ఊరికే ఉంది కదా అని 60 వాట్లదానిని రాత్రింబవళ్లు నడిపితే 525 యూనిట్లు. ఆ పొదుపు పొదుపు కాదు.

మిగిల్చిన డబ్బు డిస్కులకు పోవాలి, ఒకటికి కాదు రెండింటికి. సినిమాపాట పోతే మళ్లీ దొరుకుతుంది. రేడియో భక్తిరంజనినుంచి పట్టిన క్యాసెట్టు, మేనత్త పాడిన తలుపుదగ్గరి పాట, తాతగారి గొంతులో నాలుగు పద్యాలు ఏ సంస్థ దగ్గరా అద్దెకు దొరకవు. రెండు డిస్కులను అద్దంలా జతచేసే రైడ్ పద్ధతి ఇందుకు చాలదు; పొరబాటున చెరిపేస్తే రెండింటిలోనూ ఒకేసారి చెరుగుతుంది. రెండవది విడిగా, మరొక ఇంట్లో ఉండాలి. మాది ఊళ్లో తమ్ముడి బీరువాలో ఉంది. ఉగాదికీ దసరాకూ వెళ్లినప్పుడు కొత్తవి చేర్చి వస్తాను. మేనత్త పాటలను వాడు మధ్యమధ్య ఆ డిస్కులోంచే వింటున్నాడని మొన్న వెళ్లినప్పుడు తెలిసింది.