సినిమాకో జీవో

పెద్ద సినిమా విడుదలకు ఒకటి రెండు రోజుల ముందు సచివాలయం నుంచి ఒక మెమో వస్తుంది. ఫలానా సినిమాకు ఫలానా తేదీ నుంచి ఇన్ని రోజులపాటు సింగిల్ స్క్రీన్లలో ఇంత, మల్టీప్లెక్సుల్లో ఇంత చొప్పున టికెట్ ధర పెంచుకోవచ్చని, ముందురోజు రాత్రి ప్రీమియర్‌కు ఇంత వసూలు చేసుకోవచ్చని అందులో ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది పండగకు ముందు జరిగే తంతులా స్థిరపడిపోయింది. పెంచిన ధర న్యాయమా అన్యాయమా అని ప్రతిసారీ వాదించుకుంటున్నాం గానీ, అసలు ఒక్కో సినిమాకు ఒక్కో ధర నిర్ణయించే పని ప్రభుత్వానికి ఎందుకని అడగడం మానేశాం. ధరలకు పరిమితి ఉండాలి, ఆ పరిమితి అన్ని సినిమాలకూ ఒకటే అయి ఉండాలి, ఏ హీరోకూ ఏ నిర్మాతకూ అందులో మినహాయింపు ఉండకూడదని ఈ పత్రిక అభిప్రాయం.

గడిచిన ఐదేళ్లను ఒకసారి తిరగేస్తే ఈ మాట ఎందుకు అనవలసి వస్తోందో తెలుస్తుంది. 2021 ఏప్రిల్‌లో 'వకీల్ సాబ్' విడుదలకు సరిగ్గా ఒకరోజు ముందు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 35వ నంబరు జీవో తెచ్చింది. గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాళ్లలో చివరి తరగతి టికెట్ ధర 5 రూపాయలుగా నిర్ణయించింది. ఆ డిసెంబరులో హైకోర్టు దాన్ని నిలిపివేసింది. 2022 ఫిబ్రవరిలో అగ్రతారలూ దర్శకులూ తాడేపల్లి వెళ్లి ముఖ్యమంత్రిని కలిశారు. మార్చి 7న 20 రూపాయల నుంచి 250 రూపాయల దాకా కొత్త ధరలు వచ్చాయి. వాటితోపాటు మినహాయింపూ వచ్చింది. హీరో, హీరోయిన్, దర్శకుల పారితోషికాలు కాకుండా ఖర్చు 100 కోట్లు దాటిన సినిమా మొదటి పది రోజులు ధర పెంచుకోవచ్చు. తెలంగాణలో 2021 డిసెంబరు నాటి జీవో మల్టీప్లెక్సుల్లో మామూలు సీటుకు పన్ను కాకుండా 250 రూపాయల హద్దు గీసింది గానీ, ఏ పెద్ద సినిమా వచ్చినా ఆ హద్దు జరుగుతూనే ఉంది. 2024 డిసెంబరు 4న 'పుష్ప 2' ప్రీమియర్ టికెట్ హైదరాబాదులో వెయ్యి రూపాయలు దాటింది. ఆ రాత్రే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణాలు పోయాయి, ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. ఇక బెనిఫిట్ షోలు ఉండవు, ధరల పెంపూ ఉండదని తెలంగాణ ముఖ్యమంత్రి శాసనసభలోనే చెప్పారు. మూడు వారాలు తిరగకముందే 'గేమ్ ఛేంజర్'కు ధర పెంచుకునే అనుమతి వచ్చింది. హైకోర్టు ప్రశ్నించాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2025 సెప్టెంబరులో 'ఓజీ' ప్రీమియర్‌కు తెలంగాణలో 800, ఆంధ్రప్రదేశ్‌లో 1000 రూపాయల టికెట్‌కు మళ్లీ మెమోలు వచ్చాయి, తెలంగాణ మెమో మళ్లీ కోర్టు మెట్లెక్కింది. ముఖ్యమంత్రులు మారారు, పార్టీలు మారాయి, పద్ధతి మాత్రం మారలేదు.

సాహిత్య పత్రికకు టికెట్ ధరలతో ఏం పని అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. తెలుగు మాటను తెలుగువాళ్లందరికీ ఒకేసారి వినిపించిన చోటు సినిమా హాలే. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని తరగతులు వేరైనా తెర ఒకటే. పింగళి నాగేంద్రరావు 'మాయాబజార్'కు రాసిన మాటలు చదువురానివాళ్ల నోట కూడా నానుడులయ్యాయంటే, నేల టికెట్ కొనుక్కున్నవాడికీ బాల్కనీలో కూర్చున్నవాడికీ అవి ఒకే వారంలో అందడం వల్లనే. సముద్రాల, మల్లాది, ఆత్రేయ, దేవులపల్లి, శ్రీశ్రీ సినిమాకు రాశారు. పుస్తకం కొనలేని, కొన్నా చదువుకోలేని కోట్ల మందికి వాళ్ల కవిత్వం చేరిన దారి అది. ఆ దారి మీద గేటు పెట్టి డబ్బున్నవాళ్లనే లోపలికి పంపితే అది సాహిత్యానికి సంబంధించిన విషయమే.

గేటు అనడం ఎక్కువ మాటేమో, పెంపు పది రోజులకే కదా, తొందర లేనివాళ్లు ఆగి మామూలు ధరకు చూడవచ్చు కదా అని అనుమతులను సమర్థించేవాళ్లు అంటారు. వాళ్ల వాదనలన్నిటిలోకీ వినడానికి సబబుగా ఉండేది ఇదే. ఒకప్పుడైతే నిజం కూడా. వంద రోజులు ఆడే కాలంలో పది రోజులు పెద్ద లెక్క కాదు. ఇప్పుడు సినిమా ఆయుష్షే మారిపోయింది. 2024 సంక్రాంతికి జనవరి 12న విడుదలైన 'గుంటూరు కారం' ఫిబ్రవరి 9న ఓటీటీలోకి వచ్చేసింది. 2025 జనవరి 10న వచ్చిన 'గేమ్ ఛేంజర్' ఫిబ్రవరి 7న వచ్చింది. సెప్టెంబరు 25న వచ్చిన 'ఓజీ' అక్టోబరు 23న వచ్చింది. మూడింటికీ సరిగ్గా నాలుగేసి వారాలు. రెండో వారం చివరికి చాలా ఊళ్లలో ఆ సినిమాను హాల్లోంచి తీసేస్తారు. అంటే ధర పెంచిన పది రోజులే దాదాపు సినిమా బతికిన రోజులు. ఆగినవాడికి మామూలు ధర దక్కదు, ఫోన్ తెర దక్కుతుంది. పైగా ఆ పది రోజులు కూడా కచ్చితమైన హద్దేమీ కాదు. 2025 సంక్రాంతి సినిమాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పద్నాలుగు రోజులు ఇచ్చేస్తే, పది రోజులే అని చెప్పడానికి హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. 2024-25లో రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ పనికి రోజు కూలి 300 రూపాయలు. వెయ్యి రూపాయల టికెట్ ఆ కూలికి మూడు రోజులు దాటిన చాకిరీ. అది ఒక్కరికి. భార్యాభర్తలు ఇద్దరు పిల్లలతో వెళ్లాలంటే ఆ లెక్క వేసుకునే ధైర్యం కూడా వాళ్లకు ఉండదు.

వందల కోట్లు పెట్టి తీసిన సినిమాకూ రెండు కోట్ల సినిమాకూ ఒకే ధర ఎలా కుదురుతుందని నిర్మాతలు అడుగుతారు. పెట్టుబడి పెద్దదైతే దానికి తగ్గట్టు ప్రేక్షకుల సంఖ్య పెరగాలి, తెరల సంఖ్య పెరగాలి. 'బాహుబలి' తర్వాత తెలుగు సినిమా దేశమంతా విడుదలవుతున్నది అందుకే. అన్ని భాషల్లో, అమెరికాలో, ఓటీటీలో, శాటిలైట్ హక్కుల్లో సంపాదించుకునే అవకాశం ఉండి కూడా, పెరిగిన ఖర్చును మొదటి పది రోజుల్లో తెలుగు ప్రేక్షకుడి జేబులోంచే లాగాలనుకోవడం ఎలా సమంజసం? అనుమతి తప్పకుండా వస్తుందన్న ధీమాతోనే బడ్జెట్లు వేసుకుంటున్నారు, ఆ బడ్జెట్లలో సింహభాగం ఎక్కడికి పోతుందో పరిశ్రమలో అందరికీ తెలుసు. 2022 జీవో రాసినవాళ్లు పారితోషికాలను లెక్కలోంచి తీసేయడంలో ఆ మాత్రం వివేకం చూపించారు. ధర పెంచకుండా నిలబడలేమన్నదీ నిజం కాదు. 2022 మేలో 'ఎఫ్3' నిర్మాతలు ధర పెంచబోమని ముందే ప్రకటించి విడుదల చేశారు, జూన్‌లో 'మేజర్' తగ్గించిన ధరలతో వచ్చింది. 2024 సంక్రాంతికి పెద్ద సినిమాల మధ్య థియేటర్లు దొరక్క ఇబ్బంది పడిన 'హనుమాన్' మామూలు ధరలకే ఆడి ఆ పండగకు అన్నిటికంటే పెద్ద విజయం సాధించింది. ఇవి మినహాయింపులు అనవచ్చు. కానీ ధర పెంచి కూడా బోల్తాపడిన సినిమాలు అంతకంటే చాలా ఎక్కువ.

ఇక స్వేచ్ఛా విపణి వాదం. హోటల్లో బిరియానీ ధర ప్రభుత్వం చెప్పనప్పుడు సినిమా ధర ఎందుకు చెప్పాలి? ఒక హోటల్లో ధర ఎక్కువైతే పక్క హోటల్‌కు పోవచ్చు, ఒక సినిమాకు ఇంకో సినిమా బదులు కాదు. ఊళ్లో ఉన్న మూడు హాళ్లలోనూ అదే సినిమా ఆడిస్తున్నప్పుడు ఎంపిక అనేదే లేదు. సినిమా హాలు 1955 నాటి చట్టం కింద లైసెన్సు తీసుకుని నడిచే ప్రజాస్థలం, ధరకు హద్దు అందులో భాగంగానే వచ్చింది. అలాగని హద్దు ఎంత తక్కువైతే అంత మంచిదనీ మేం అనడం లేదు. 2021లో 5, 10 రూపాయల ధరలు పెట్టినప్పుడు కరెంటు బిల్లు కూడా రాని యజమానులు ఆంధ్రలో చాలాచోట్ల హాళ్లకు తాళాలు వేశారు. పేద ప్రేక్షకుడి పేరు మీద వచ్చిన ఆ ఆదేశం అతనికి ఉన్న ఒక్క హాలునూ మూయించింది.

ఆ యజమానుల గోడును ఈ చర్చలో ఎవరూ పట్టించుకోవడం లేదు. మన దగ్గర సింగిల్ స్క్రీన్లలో పెద్ద సినిమాకు తొలి రోజుల్లో హాలుకు అద్దె మాత్రమే వస్తుంది, వసూళ్లు పడిపోయాక వాటా పద్ధతికి వస్తారు. అందుచేత పెరిగిన ధరలో థియేటరు యజమానికి ముట్టేది దాదాపు ఏమీ లేదు. జనం మాత్రం టికెట్ కౌంటరు దగ్గర అతన్నే తిడతారు, రెండో వారంలో ఖాళీ కుర్చీలు మిగిలేదీ అతనికే. 2025 మేలో ఎగ్జిబిటర్లు వాటా పద్ధతి కావాలని, లేకపోతే జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని అన్నప్పుడు దాన్ని రాజకీయ కుట్రగా చూశారు తప్ప లెక్కగా చూడలేదు. ఒక్కో హాలు గోడౌన్‌గానో ఫంక్షన్ హాలుగానో మారిపోతుంటే ధర పెంపు పరిశ్రమను బతికిస్తుందని ఎలా నమ్మాలి?

డబ్బు సంగతి అటుంచినా మమ్మల్ని అన్నిటికంటే కలవరపెడుతున్నది మరొకటి ఉంది. ప్రతి విడుదలకు ముందూ ప్రభుత్వం దగ్గర చేయి చాపవలసిన పరిశ్రమ ఆ ప్రభుత్వం గురించి నిజం చెప్పే సినిమా తీయగలదా? భూసేకరణ మీద, మద్యం మీద, పోలీసు స్టేషన్లో చావు మీద కథ రాసుకున్న దర్శకుడికి నిర్మాత ఏం చెబుతాడు? సెన్సార్ అయితే కారణం రాసివ్వాలి, దాని మీద కోర్టుకు వెళ్లవచ్చు. రాని అనుమతికి కారణం రాసివ్వరు. 'వకీల్ సాబ్' జీవో వచ్చిన రోజున దాని హీరో ఒక ప్రతిపక్ష పార్టీ అధినేత. 'ఓజీ' మెమో వచ్చిన రోజున అదే హీరో ఉపముఖ్యమంత్రి. ఆ రెండు ఆదేశాలూ నిష్పాక్షికంగానే ఇచ్చారని ఎవరైనా వాదించవచ్చు. కానీ మనిషిని బట్టి, సమయాన్ని బట్టి ధర మారే అవకాశం ఉన్నంతకాలం ఆ మాట జనం నమ్మరు, నమ్మాలని అడిగే హక్కూ ఎవరికీ లేదు. రచయితకైనా దర్శకుడికైనా స్వేచ్ఛ అంటే ముందు ఎవరి గడపా తొక్కనవసరం లేకపోవడం.

చేయవలసింది కష్టమైన పనేమీ కాదు. సినిమాల వారీగా మెమోలిచ్చే అధికారాన్ని రెండు ప్రభుత్వాలూ నిబంధనల్లోంచే తీసేయాలి. ఎగ్జిబిటర్లు, నిర్మాతలు, వినియోగదారుల ప్రతినిధులు ఉన్న ఒక స్థాయీ సంఘం రెండు మూడేళ్లకోసారి ఖర్చులను చూసి ఊరి స్థాయిని బట్టి, హాలు స్థాయిని బట్టి గరిష్ఠ ధర నిర్ణయించాలి. ఇప్పటి హద్దులు నిజంగా చాలకపోతే అందరికీ కలిపి పెంచమనండి, మాకు అభ్యంతరం లేదు. ఆ హద్దు లోపల తగ్గించుకునే స్వేచ్ఛ నిర్మాతకు ఉండనే ఉంటుంది. ప్రతి హాల్లో, ప్రతి ఆటకూ, మొదటి రోజుతో సహా, ఐదో వంతు సీట్లు వంద రూపాయల లోపే ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల దాకా ఉన్న టికెట్ మీద జీఎస్టీ 5 శాతమే, దాటితే 18. తక్కువ ధర సీటుకు కేంద్రం పన్ను తగ్గించినప్పుడు, ఆ సీటు నిజంగా ఉండేటట్టు చూడవలసిన బాధ్యత రాష్ట్రాలది. చౌక సీట్లు బ్లాకులోకి పోతాయన్న అనుమానం సరైనదే. పేరు మీద, మనిషికి ఇన్నే అన్న లెక్కతో రైలు టికెట్లు అమ్ముతున్న దేశంలో దానికి ఉపాయం లేకపోదు. ఆ సీట్లలో సగమైనా హాలు కౌంటరులోనే అమ్మాలి, ఎందుకంటే ఫోన్లో బుక్ చేసుకోవడం తెలియనివాళ్లే ఎక్కువగా ఆ సీట్ల కోసం వస్తారు. హాలుకు అద్దె కాకుండా మొదటి రోజు నుంచీ వాటా ఇవ్వాలన్న ఎగ్జిబిటర్ల కోరికను కూడా ఈ సంఘమే తేల్చాలి, ఆ చౌక సీట్ల వరుసలను నడపవలసింది వాళ్లే కాబట్టి.