అదురెర – నా పక్షపాతం

తెలుగు పండితుడికి చేపల వేటతో ఏమి పని అని అడగబోయే మిత్రులకు ముందుగానే ఒక సంజాయిషీ. ఉద్యోగవిరమణ తరువాత ప్రతి వేసవీ మినెసోటాలో మా అబ్బాయి ఇంట గడపటం అలవాటయింది. సరస్సుల మధ్యన కాపురమున్నవాడు పడవ ఎక్కక తప్పదు. పడవ ఎక్కినవాడు, ఏదో ఒకనాటికి, అనుమతిపత్రం కొని గాలపుకర్ర పట్టక తప్పదు. మాది చేప వండని ఇల్లు. అయినా పట్టాను. ఈ వైరుధ్యం నన్ను ఎంత వేధించిందో తరువాత చెబుతాను. ముందు చేప సంగతి.

ఆ చేప పేరు మస్కెలంజ్. అందరూ మస్కీ అంటారు. ఓజిబ్వే జాతివారి భాషలో ‘మాష్కినోజె’ అన్న మాట దీనికి మూలమట. ఫ్రెంచివారు ఆ మాటను తమ చెవికి అనుకూలంగా ‘మాస్క్ అలాంజే’, అనగా సాగిన ముఖము, అని విన్నారు. చేప మోర నిజంగానే సాగి ఉంటుంది కనుక ఆ తప్పుడు వ్యుత్పత్తి చక్కగా అతికింది. మన పల్లెలలోనూ ఊరి పేర్లకు ఇటువంటి కల్పిత వ్యుత్పత్తులు ఎన్ని లేవు! పొరుగున ఉన్న విస్కాన్సిన్ 1955లో దీనిని తమ రాష్ట్రమత్స్యంగా ప్రకటించుకుంది. మన తెలంగాణకు కొర్రమీను ఎటువంటిదో వారికి ఇది అటువంటిది. పోలిక అక్కడితో ఆగదు. కొర్రమీను వలెనే మస్కీ కూడా నాచుమాటున కదలక మెదలక పొంచి ఉండి ఒక్క ఉదుటున మీద పడే జీవి. కానీ పరిమాణం వేరు. మినెసోటాలో చాలా సరస్సులలో 54 అంగుళాలకు తక్కువైన మస్కీని ఇంటికి తీసుకుపోవటం నేరం. అంటే నాలుగున్నర అడుగులు! అంతటిది దొరికినా ఇక్కడి వేటగాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా ఫొటో తీసుకుని వదిలివేసేవారే అని మావాళ్ళ మాట. లెక్క ఎవరు కట్టారో గాని, నేను చూసినంతలో వదలనివాడు కనబడలేదు.

‘పదివేల విసుర్ల చేప’ అని దీనికి బిరుదు. పదివేల సార్లు ఎర విసిరితే ఒకసారి పడుతుందని అర్థం. బిరుదులో అతిశయోక్తి ఉంది, అలంకారశాస్త్రం దానిని క్షమిస్తుంది. అయితే పదివేల సార్లు విసరవలసిన ఎర ఏదై ఉండాలి అన్న ప్రశ్నలో మాత్రం అతిశయోక్తి లేదు. చెయ్యి నొప్పి పుట్టేది మనకే గదా!

ఇక్కడి దుకాణంలో మస్కీ ఎరల వరుస చూస్తే గాజులకొట్టు జ్ఞాపకం వస్తుంది. తిరిగే రేకులకు కుచ్చులు కట్టిన బక్‌టెయిళ్ళు, అరచేతికి మించిన రబ్బరు బొమ్మలు, నీటిపైన గలగల చప్పుడు చేసేవి, పక్కలకు జారేవి. వీటిలో నా పక్షపాతమంతా ట్విచ్ బెయిట్ అనే తెగ మీద. చిన్నచేప ఆకారంలో ఉంటుంది, ముక్కు కింద ఒక పలక ఉంటుంది. కర్ర కొనను కిందికి దించి చిన్నచిన్న కుదుపులిస్తూ చుట్టుకుంటే అది అటూ ఇటూ అదిరి, బెదిరి, ఆగి, మళ్ళీ అదురుతుంది. దీనికి తెలుగు మాట ఏదీ కనబడక ‘అదురెర’ అని పెట్టుకున్నాను. అదురు, ఎర, ఉకారసంధి. ఇంతకన్న మంచి మాట తోచినవారు చెబితే సంతోషంగా మార్చుకుంటాను.

ఎందుకు ఈ తెగ మీదనే పక్షపాతం? దీని పుట్టుక కథ నాకు నచ్చింది. ఫిన్లండులో లౌరి రాపలా అనే ఒక పేద బెస్త, సరస్సులో పడవ నడుపుతూ, చేపల గుంపు మీద పెద్దచేప దాడి చేయటం గమనించేవాడట. వందల పిల్లచేపలు సజావుగా ఈదుతుండగా పెద్దచేప వాటిని వదిలి, కాస్త ఒరిగి తడబడుతున్న ఒక్కదాని మీదికే పోతున్నది. 1936లో అతడు చెప్పులుకుట్టేవారి కత్తితో బెండు చెక్కి, చాక్లెట్లకు చుట్టిన తగరపు రేకు అంటించి, ఫొటో నెగటివులు కరిగించి పైన పూత పూసి, ఆ తడబాటును చేతితో సృష్టించాడు. ఆ ఎరలను అమెరికాలో మొదట అమ్మినవారు మినియాపొలిస్‌కు చెందిన ఇద్దరు. 1962 ఆగస్టులో లైఫ్ పత్రికలో వాటిపై వ్యాసం వచ్చింది. అదే సంచికలో, ఆ నెలలోనే మరణించిన మేరిలిన్ మన్రో గురించిన రచన ఉండటంతో పత్రిక విపరీతంగా అమ్ముడుపోయి, ఎరకూ ప్రచారం దక్కింది. రూపం గాక నడక చూసి చేసిన వస్తువు అది. ఇప్పటి అదురెరలలో సగం నేటికీ ఆ సూత్రం మరచిపోయి రంగుల మీద పడుతున్నాయని నా ఫిర్యాదు.

దుకాణంలో ఎర కొనేటప్పుడు కళ్ళకు నచ్చినది కొంటాం. చేపకు నచ్చవలసినది నడక. మూడంగుళాల పొలుసులు ఒక్కొక్కటీ చిత్రించి, కళ్ళకు నిజమైన కనుపాప పెట్టిన ఎరను మా మనవడు ఒకటి కొన్నాడు. నీటిలో వేస్తే కర్రముక్కలా తిన్నగా వస్తుంది. ఎంత అదిలించినా అదరదు. మరొకటి, వానపాము రంగులో వెలిసిపోయినది, ఎవరో పాతసామాన్ల అమ్మకంలో పడేస్తే తెచ్చుకున్నాను. ప్రక్కలు బల్లపరుపుగా ఉంటాయి. ఒక్క కుదుపుకు వెల్లకిలా ఒరిగి ఎండను అద్దంలా చిమ్ముతుంది. మస్కీ వెంట వచ్చింది దాని వెంటే.

ప్రక్కలు పలుచగా ఉంటే మెరుపు, గుండ్రంగా ఉంటే స్థిరత్వం. ముక్కుపలక పొట్టిగా, నిటారుగా కిందికి వంగి ఉంటే ఎర పైపైన ఉంటుంది. పొడవుగా ముందుకు సాగి ఉంటే లోతుకు దిగుతుంది. ఈ రెండు మాటలు తెలిస్తే అట్ట మీది ప్రగల్భాలు చదవనక్కరలేదు. మూడవ మాట అన్నిటికన్న ముఖ్యం: కుదుపు ఆపితే అది ఏమి చేస్తుంది? నా అభిమాన ఎర మెల్లగా పైకి లేవాలి. జూన్‌లో కొత్తనాచు నీటిమట్టానికి రెండు మూడడుగుల కింద ఉంటుంది. ఎర ఆ చివుళ్ళను తాకగానే ఆపితే, తానే తప్పుకుని పైకి తేలుతుంది. ఆ తేలే క్షణంలోనే చాలాసార్లు దెబ్బ తగులుతుంది. బెదిరి పారిపోయేదాని కన్న, పారిపోలేక ఆగినది మస్కీకి సులువైన ఆహారం.

అందువలన బాల్సాతో చేసినవాటికి నా ఓటు. బాల్సా అంటే మన జీలుగుబెండుకు దూరపు చుట్టం అనుకోండి, చేతిలో ఉన్నట్టే ఉండదు. రాపలా వారి సూపర్ షాడ్ రాప్, 14 సెంటీమీటర్లది, పెర్చ్ చేప రంగుది, నా పెట్టెలో మొదటి స్థానంలో ఉంటుంది. మనవడి ఆక్షేపణ వినదగినదే. “తాతయ్యా, నాలుగు చేపలు కొరికితే అది చీపురుపుల్ల అవుతుంది” అంటాడు. నిజమే. మస్కీ పళ్ళ ముందు బాల్సా నిలవదు. వాడి అభిమానం గ్రాండ్‌మా, జేక్ అనే ప్లాస్టిక్ ఎరల మీద. రెండూ బల్లపరుపు ప్రక్కలవి, మెరుపు బాగుంటుంది, గాలిలో దూరం పోతాయి. ఆగస్టు దాటాక, నాచు ఎదిగి మస్కీ పెద్ద ఆహారం వెదికేనాటికి నేనూ గ్రాండ్‌మాకే మారుతాను. చెక్కతో చేసే స్లామర్‌ను మెచ్చుకునేవారు చాలామంది. నాకు అది పడలేదు. చెయ్యి తేడా కావచ్చు.

చెయ్యి అన్నాను గనుక ఒక మాట. కుదుపు ఇచ్చిన మరుక్షణం దారం వదలాలి. గాలిపటం ఎగరేసినవాడికి ఇది చెప్పనక్కరలేదు. లాగి పట్టుకుంటే పటం తిన్నగా నిలబడుతుంది, లాగి వదిలితే తలాడిస్తుంది. ఎర అంతే. కొత్తవారు లాగటం నేర్చుకుంటారు, వదలటం నేర్చుకోరు. అలాగే పళ్ళకు దారం తెగకుండా ముందు కట్టే తీగ. చిన్న ఎరకు లావు తీగ కట్టారా, అదురు చచ్చిపోతుంది. ఎర మంచిది కాదని దుకాణాన్ని తిట్టేవారిలో సగంమంది తీగ తప్పు చేసినవారే. పడవ దగ్గరకు వచ్చాక ఎరను నీటిలోనే ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి. తెలుగు ౮ కాదు సుమా, ఇంగ్లీషు 8. వెంటవచ్చిన మస్కీ చివరి నిమిషంలో ఆ మలుపులో కొరుకుతుంది. ముక్కుపలక ఉన్న అదురెరతో ఈ చుట్టు బక్‌టెయిల్‌తో వచ్చినంత హాయిగా రాదు. ఇది నా పక్షంలోని బలహీనత, ఒప్పుకుంటున్నాను.

రంగు గురించి ఒక్క వాక్యం చాలు: తేటనీటిలో అక్కడి చేపల రంగు, తేనీటిరంగు నీటిలో నలుపు, నారింజ.

ఇక నన్ను వేధించిన సంగతి. 2022 జూలైలో ఒక మధ్యాహ్నం, గాలి లేని ఎండలో, నా కర్రకే ఒక మస్కీ పడింది. మూడు గాలాలు వేలాడే పొడుగాటి ఎర. ఒక్కొక్క గాలానికి మూడేసి కొక్కేలు, అంటే తొమ్మిది ములుకులు. ఒక గాలం దవడకు, ఒకటి మొప్ప దగ్గర, మూడవది వలకు చిక్కుకుంది. చేప తన్నుకుంటుంటే వలలోని గాలం ఇంకా బిగిసింది. మా అబ్బాయి కటింగ్‌ప్లయరు వెదికేలోపు ఎంత సేపయిందో తెలియదు. వదిలాము. తోక పట్టుకుని నీటిలో నిలబెడితే నిలబడింది, చెయ్యి తీస్తే ఒరిగింది. అలా చాలాసేపు చేసి చివరకు అది తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలిపోయింది. ఆనాడు పై నీటి వేడి 27 డిగ్రీల సెంటిగ్రేడు. అంత వెచ్చటి నీటిలో ప్రాణవాయువు తక్కువ, పోరాడి అలసిన చేప తేరుకోదు అని అనుభవజ్ఞులు ఆ వేడికి వేటే మానేస్తారని తరువాత తెలిసింది.

శృంగారనైషధంలో నలుడు హంసను పట్టి విడిచిపెట్టాడు. హంసకు మాటలు వచ్చు. ముసలితల్లి గురించి, బాలింతరాలైన ఆలి గురించి చెప్పుకుని ఏడ్చి రాజు మనసు కరిగించుకుంది. ముప్ఫై ఏండ్లు ఆ ఘట్టం పాఠం చెప్పి పిల్లలచేత కంట తడి పెట్టించినవాడిని, పడవలో కూర్చుని మాటరాని చేప ముందు నా పాఠం నాకే పనికిరాక నిలబడ్డాను. మా ఊరి కాలువగట్టున బెండు కట్టి, ఎర్రను గుచ్చి గాలం వేసే వెంకన్నలకు, అప్పన్నలకు సమాధానం ఉంది: కూటికి. నాకు ఉన్న సమాధానం ఏమిటి? వినోదానికి. తిననివాడు పట్టటం తినేవాడు పట్టటం కన్న పుణ్యం అన్న మాట మా బంధువర్గంలో చాలామంది అంటారు గాని నాకు ఎన్నడూ ఒప్పుదల కాలేదు. వేట మానేద్దామనుకున్నాను. మానలేదు, అదీ నిజమే. ఆ నీటి మీద పొద్దుపొడుపు, మనవడు మాట్లాడే ఆ నాలుగు గంటలు నాకు మరెక్కడా దొరకవు.

కనుక రాజీపడ్డాను, ఆ రాజీ అంతా ఎర ఎంపికలోనే ఉంది. అభిమాన ఎర ఏది అని అడిగితే అందరూ ఎక్కువ చేపలు పట్టినది ఏదో చెబుతారు. నేను అడిగేది వేరు: ఏ ఎర నుండి చేప తొందరగా విడివడుతుంది? మూడు గాలాల ఎరలు నా పెట్టెలో లేవు. రెండు గాలాలవే. వాటి కొక్కేల కొనన ఉండే ఎదురుముల్లును పటకారుతో నొక్కి చదును చేస్తాను. ఎదురుముల్లు లేకపోతే చేప జారిపోతుందని మావాడి వాదన. దారం బిగువుగా ఉన్నంతసేపు జారదు. జారితే జారనీ, ఎలాగూ వదిలేదే గదా! పదిసెకన్లలో ఊడివచ్చే గాలం, తాను విరిగినా చేప నోరు చీల్చని మెత్తని బెండు, పెద్ద వల, గాలపు ఉక్కును తెంచగల కత్తెర. థర్మామీటరు కూడా. ఉదయం నీటిలో ముంచి 26 దాటితే ఆ రోజు పడవలో పకోడీలు తిని తిరిగివస్తాము. ఇంటి కోడలికి ఇది చాలా నచ్చిన ఏర్పాటు.

దీనిమీద ఇక్కడి వేటగాళ్ళతో మాట్లాడాను. ఎక్కువమంది ఒప్పుకుంటారు, కొందరు నవ్వుతారు. ఒక పెద్దమనిషి, నా వయసువాడే, ఏమీ అనకుండా తన పెట్టె తెరిచి చూపించాడు. ఆయన కొక్కేలన్నీ ఏనాడో చదునైనవి. మేమిద్దరం ఒకరి భాష ఒకరికి సగమే అర్థమయ్యే స్థితిలో అరగంట మాట్లాడుకున్నాము. ఆయనకూ సూపర్ షాడ్ రాప్ ఇష్టమేనట, కానీ రంగు నలుపు. ఇది మాత్రం నేను ఒప్పుకోలేదు.

మినెసోటాలో మస్కీ వేట జూన్ మొదటి శనివారం మొదలవుతుంది. ఈసారి నా పెట్టెలో నాలుగే ఎరలు. మనవడి పెట్టెలో అరవైమూడు, లెక్కపెట్టి చెప్పాడు. తన దానిలోంచి ఒక జేక్ నాకు ఇస్తానన్నాడు. మధ్యగాలం పీకి, ముళ్ళు నొక్కి ఇస్తేనే పుచ్చుకుంటానన్నాను. బేరం ఇంకా కుదరలేదు.