సబ్ ఖైరియత్?

సలాం చెప్పుకోగానే మేం అడిగే మొదటి మాట 'ఖైరియత్?'. జవాబూ అందరిదీ ఒకటే: 'అల్లా కా షుకర్'. ఆ జవాబు వెనక ఇల్లు తగలబడుతున్నా రెండో ప్రశ్న వెయ్యం. క్షేమం అడగడం మా తెహజీబ్ అని చెప్పుకునే మేం, మా పిల్లల మనసు క్షేమం ఎన్నడూ అడగలేదు.

ముందు బయటి లెక్క తేల్చాలి. క్రికెట్ మ్యాచ్ మర్నాడు క్లాసులో మా పిల్లాణ్ని 'ఒరే పాకిస్తానోడా, రాత్రి ఏడ్చావా?' అంటారు. సారు నవ్వి ఊరుకుంటాడు. తొమ్మిదేళ్లవాడికి పాకిస్తాన్ ఎటుందో తెలీదు. పొద్దున బడి టైముకి కడుపునొప్పి మాత్రం వస్తుంది. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు పట్టుకెళ్లిన మా కుర్రాళ్లు ఎందరో కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి లేచే వాళ్ల చెల్లెళ్లకు నిద్రను ఏ కోర్టు తిరిగిచ్చింది? సెక్యులర్ మిత్రులారా, మా కోసం సభలు పెడతారు, సంతోషం. మీ పిల్లలు మా పిల్లల్ని ఏమని పిలుస్తున్నారో మీ ఇంట్లో ఎప్పుడైనా అడిగారా?

ఇక మా ఇంటి లెక్క. కడుపునొప్పి అన్న పిల్లాడికి నజర్ తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాం. మెడలో తావీజు కట్టాం. 'బడిలో ఎవరైనా ఏమన్నా అన్నారా బేటా?' అని మాత్రం అడగలేదు. పదో తరగతితో చదువు మాన్పించిన ఆడపిల్ల మాట్లాడటమే మానేస్తే 'షరీఫ్ లడ్కీ' అని మెచ్చుకున్నాం. మొగుడు సౌదీ వెళ్లిన కోడలు రాత్రుళ్లు ఏడిస్తే సాయా పట్టిందని ఆమిల్ దగ్గరికి తీసుకెళ్లాం. డాక్టరు మాటెత్తితే 'ఎర్రగడ్డ కేసు' అంటారని, ఇంట్లో పెళ్లిళ్లు ఆగిపోతాయని భయం. అన్నిటికీ ఒకటే మందు: 'సబర్ కర్'.

సబర్ అంటే నోరు మూసుకోవడమని మాకెవరు చెప్పారు? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఏం జరిగింది? దర్గా ఊళ్లో నయమవుతుందని అయినవాళ్లు వదిలి వెళ్లిన మానసిక రోగులు ఒక ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టేసి ఉన్నారు. నిప్పంటుకుంటే తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. అలా గొలుసులు వెయ్యడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. ఇళ్లలో మేం వేసే 'సబర్' గొలుసును ఏ చట్టం తెంచుతుంది?

దువా వద్దనడం లేదు. జ్వరమొస్తే దువా చేస్తూనే మాత్ర వేసుకుంటాం. మనసుకెందుకు కూడదు? 1284లో కైరోలో కట్టిన బీమారిస్తాన్‌లో మానసిక రోగులకు వేరే వార్డు ఉండేది. అంతకు మూడున్నర శతాబ్దాల ముందే అబూ జైద్ అల్ బల్ఖీ శరీరంతో పాటు మనసుకూ జబ్బు చేస్తుందని, దిగులుకీ భయానికీ చికిత్స ఉందని పుస్తకం రాశాడు. ఇది పరాయి విద్య కాదు. మేం మరిచిపోయిన మా విద్యే.

బయటివాడు చేసిన గాయానికి బయటివాణ్ని నిలదీస్తాం, నిలదీస్తూనే ఉంటాం. దాన్ని ఇంట్లో కప్పిపెట్టి చీము పట్టించింది మాత్రం మేమే.

ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర పిల్లాడు 'షుకర్' అన్నాక ఆగొద్దు. 'సచ్ బోల్ బేటా, దిల్ కైసా హై?' అనండి. చెప్పింది విని తిట్టొద్దు, నసీహత్ మొదలుపెట్టొద్దు. ఒంటరిగా ఉన్న ఖాలాకి ఫోన్ చేసి డబ్బులు అందాయా అనే కాదు, నిద్ర పడుతోందా అనీ అడగండి. మీ వల్ల కాకపోతే 14416కి ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లినందుకు ఈమాన్ తగ్గదు. పిల్లాడు మాత్రం మిగులుతాడు.