ఆఫ్‌సెట్ మారిస్తే చాలా?

ఇక్కడ మక్కాలో నేను చూసిన పాలరాయి షాపుల్లో వాటర్‌జెట్ కోత కొలత తప్పితే మొదటి ముద్దాయి సాఫ్ట్‌వేరే. "ఆఫ్‌సెట్ కాస్త మార్చండి భాయ్" అంటారు. నాకు మింగుడుపడని మాట ఇది.

దాదాపు 4000 బార్ ఒత్తిడి నీళ్ళతో గార్నెట్ ఇసుక దూసుకొస్తుంటే నాజిల్ గొట్టం లోపల అరుగుతుంది. కోత వెడల్పై ముక్క అన్ని వైపులా ఒకేలా చిన్నదవుతుంది, రంధ్రం పెద్దదవుతుంది. దీనికైతే ఆఫ్‌సెట్ మందే. (అన్నట్టు, 1979లో ఈ ఇసుక కలిపే పద్ధతి మీద పని మొదలెట్టిన మొహమ్మద్ హషీష్ ఈజిప్టువాడే!)

కానీ పైన ఒక కొలత, అడుగున ఇంకోటి వస్తే? అది కోత వాలు, చాలాసార్లు వేగం తగ్గిస్తే దారికొస్తుంది. చదరంలో కర్ణాలు సమానంగా లేకపోతే ఎక్స్, వై అక్షాలు లంబంగా లేవన్నమాట. గుండ్రంగా రావలసింది మెట్లు పడితే డ్రైవులో ఎక్కడో వదులుంది. వీటిని ఆఫ్‌సెట్‌తో కప్పితే పొదుగుడు పనిలో ఒక అంచు అతుకుతుంది, ఎదుటి అంచు నోరు తెరుస్తుంది. కోసిన రాయి మళ్ళీ పెరగదు కదా!

100 మి.మీ. చదరం ఒకటి కోసి, పైనా కిందా నాలుగు వైపులా, కర్ణాలతో సహా కొలవడం పావుగంట పని. ఆ కొలతల కాగితం పంపకుండా ఫోన్ చేస్తే నేను ప్రోగ్రాం తెరవడమే మానేశాను.