రాత ఆగితే బద్ధకం అనకండి

వారానికో పోస్టు చొప్పున ఏడాదిపాటు బ్లాగు నడిపినవాళ్లకు కూడా ఉన్నట్టుండి ఒకరోజు ఒక్క ముక్కా రాదు. ల్యాప్‌టాప్ తెరుస్తారు. రెండు వాక్యాలు కొడతారు, చెరిపేస్తారు, మూసేస్తారు. అలా నెల గడిచిపోతుంది. 'నా దగ్గర సరుకు అయిపోయింది' అని వాళ్లు కుంగిపోతారు. 'మొదట్లో సరదా, ఇప్పుడు బద్ధకం' అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. రెండూ తొందరపాటు తీర్పులే!

దీన్నే రైటర్స్ బ్లాక్ అంటారు. 1940ల్లో ఈ మాటను వాడుకలోకి తెచ్చింది మానసిక విశ్లేషకుడు ఎడ్మండ్ బెర్గ్లర్. ఇది జబ్బు కాదు. కానీ దీని వెనక అలసట, నిద్రలేమి, 'ఎవరేమనుకుంటారో' అన్న భయం ఉండొచ్చు. బ్లాగర్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఎంతమంది చదివారన్న లెక్క ఎప్పుడూ కళ్లముందే కనిపిస్తుంది. కిందటి పోస్టు 300 మంది చదివి, ఈసారి 40 మందే చూశారనుకోండి. తర్వాతి పోస్టుకు కూర్చోగానే ఆ లెక్కే గుర్తొస్తుంది. దాంతో రాస్తూనే దిద్దడం మొదలవుతుంది. పప్పు ఉడకకముందే రుచి చూసి బాలేదంటే ఎలా?

అందుకే రాయడం, దిద్దడం ఒకే రోజు పెట్టుకోవద్దు. ఇవాళ ఎలా వస్తే అలా రాసేయండి. తప్పులు రేపు చూసుకోవచ్చు. చదివినవాళ్ల లెక్క వారానికి ఒకసారి చూస్తే చాలు.

'మూడ్ రావాలి కదా' అంటారు చాలామంది. అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ బోయిస్ 1983లో ప్రచురించిన అధ్యయనం దీనికి భిన్నమైన సంగతి చెప్పింది. మూడ్ కోసం ఎదురుచూసినవారికన్నా, వేళ ప్రకారం రాసినవారే ఎక్కువ పేజీలు రాశారు. కొత్త ఆలోచనలూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. కాబట్టి రోజూ ఒకే సమయానికి ఇరవై నిమిషాలు కేటాయించుకోండి. ఏమీ తోచకపోతే కాసేపు నడవండి. నడిచేటప్పుడు కొత్త ఆలోచనలు సగటున 60 శాతం పెరిగాయని 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చెప్పారు. అయితే ఒకే సరైన జవాబు వెతకాల్సిన పనికి నడక సాయపడలేదు. అంటే ఆలోచనలకు నడక, దిద్దడానికి కుర్చీ అన్నమాట.

అయితే ఈ సలహాలన్నీ రాసేవాళ్లకే చెప్పి ఊరుకోవడం అన్యాయం. మన ఇళ్లల్లో బ్లాగు రాసే గృహిణికి ల్యాప్‌టాప్ ఎప్పుడు దొరుకుతుంది? పిల్లల హోంవర్క్ అయి, గిన్నెలు సర్ది, పొద్దుటికి పప్పు నానబెట్టాక. అప్పటికి రాత్రి పదకొండు. ఆ వేళకు మాట రాకపోతే అది బ్లాకూ కాదు, ప్రతిభ లేకపోవడమూ కాదు. అది నిద్ర! ఆమెకు కావాల్సింది చిట్కాలు కాదు, పగటిపూట ఓ అరగంట. వారంలో రెండు రోజులు టిఫిన్ బాక్సులు ఇంకెవరైనా సర్దితే ఆ అరగంట వస్తుంది.

'దానివల్ల డబ్బులొస్తాయా?' అన్న ప్రశ్న కూడా మానేయాలి. పొద్దున్నే వాకింగ్‌కు వెళ్లేవారిని ఆ మాట అడగం కదా! రోజంతా ఇంటికోసం, ఆఫీసుకోసం మాట్లాడే మనిషికి తన మాట తాను చెప్పుకొనే చోటు అదొక్కటే కావచ్చు. రిటైరైన నాన్నకైనా, ఉద్యోగం చేసే కోడలికైనా అంతే. ఆ చోటు మూతపడితే మనసు మీద ప్రభావం ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. రాత ఒక్కటే ఆగితే కంగారు అక్కర్లేదు. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకున్నా నష్టం లేదు. కానీ దాంతోపాటు ఇష్టమైన పనులన్నిటి మీదా ఆసక్తి పోయి, దిగులు, నిద్ర పట్టకపోవడం, ఆకలి తగ్గడం లాంటివి రెండు వారాలు దాటి ఉంటే డాక్టర్ని కలవాలి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీ ఇంట్లో ఎవరైనా రాయడం మానేశారా? 'ఎందుకు మానేశావు?' అని నిలదీయకండి. 'నీకు ఏ వేళ కుదురుతుంది? ఆ సమయానికి ఇంటిపని మేం చూసుకుంటాం' అనండి.