అమ్మమ్మ నూతికి సైకిల్ చక్రం

మా అమ్మమ్మగారి ఊరు విజయనగరం జిల్లాలో. పెరట్లో నుయ్యి ఉంది, నూతిలో మోటారు ఉంది. లేనిదల్లా గాలి గట్టిగా వీస్తే కరెంటు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి వీధంతా ఈ నూతి మీదే బతికింది. అమ్మమ్మ చేద వేసి తోడేది, మేం మోసేవాళ్లం.

ఇప్పుడు ఆవిడకి డెబ్భై రెండేళ్లు. ఒక్కతే ఉంటుంది. పోయిన వానాకాలం ఇలాగే కరెంటు పోతే తోడబోయింది, కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవడానికి రెండు నెలలు పట్టింది. ఇన్వర్టర్ పెట్టిస్తానంటే, "దానికీ నీళ్లు నేనే పొయ్యాలి కదరా" అంది. నిజమే మరి.

సెలవు పెట్టి వెళ్లా. వీడియో చూసి పీవీసీ పైపుతో చేతిపంపు చేశా. పైన పిస్టన్, కింద ఫుట్‌వాల్వ్. తొట్టెలో పెట్టి కొడితే నీళ్లు ఎగజిమ్మాయి. నూతిలోకి దించితే చుక్క రాలేదు. గంటసేపు లీకులు వెతికా. లీకు లేదు, తప్పు నా లెక్కలోనే ఉంది. పీల్చే పంపు నీళ్లని లాగదు. పైపులో గాలి తగ్గితే, బయటి గాలి బరువే నీళ్లని పైకి నెడుతుంది. ఆ బరువు మహా అయితే 34 అడుగుల నీటిని మోస్తుంది, అదీ కాగితం మీద. ఇంట్లో చేసిన పంపుకి 25 అడుగులు దాటితే కష్టం. మా నూతిలో నీళ్లు 30 అడుగుల కింద ఉన్నాయి. పీల్చే పంపు కొంత ఎత్తుకి మించి నీళ్లని లేపలేదని గెలీలియో 1638లోనే పుస్తకంలో రాశాడు. అంతదాకా ఎందుకు, మోటారుని నూతి లోపల గట్టు మీద ఎందుకు బిగించారో చిన్నప్పటి నుంచీ చూస్తున్న నాకు తట్టాలి కదా! ఇంజినీరింగ్ చదివాను కూడా.

రెండోసారి తాడు పంపు మొదలుపెట్టా. నికరాగువాలో 1980ల నుంచి పల్లెల్లో బాగా వాడుకలో ఉన్నది ఇదే. తాడుకి మీటరుకొకటి చొప్పున రబ్బరు బిళ్లలు ముడేసి, రెండు కొసలూ కలిపి మాలలా చెయ్యాలి. తాడు ఒక పక్క ఖాళీగా కిందికి దిగుతుంది, ఇంకో పక్క అంగుళం పైపులోంచి పైకి వస్తుంది. వస్తూ బిళ్ల బిళ్లకీ మధ్య నీళ్లు మోసుకొస్తుంది. పైన పిల్లల సైకిల్ రిమ్ము, దానికో హ్యాండిల్. అడుగున సిమెంటు దిమ్మలో పడుకోబెట్టిన గాజు సీసా. తాడు దాని కిందనుంచి జారి పైపులోకి మళ్లుతుంది. పీల్చడం లేదు కాబట్టి 25 అడుగుల గొడవ లేదు.

నాకు నచ్చింది బరువు లెక్క. చేద నిండితే పది కిలోలు, చివరిదాకా అంతే. గిలక బరువు తగ్గించదు, లాగే దిక్కు మారుస్తుంది. అదే అంగుళం పైపులో 30 అడుగుల నీళ్లంతా కలిపినా నాలుగున్నర కిలోలు.

చెప్పినంత తేలిగ్గా అయిపోలేదు. టైరు ట్యూబు కోసి చేసిన బిళ్లలు పైపులో బిగుసుకుపోయాయి. చిన్నవి కోస్తే నీళ్లన్నీ కిందికే. కొంచెం వదులుగా ఉండాలి, చక్రం కాస్త జోరుగా తిరగాలి, అదీ కిటుకు. పైపు అడుగు అంచుకి బిళ్లలు తట్టుకుంటుంటే, పొయ్యి సెగకి మెత్తబెట్టి గరాటులా విప్పాం. మెత్తబడ్డ పైపుని తిరగలి గుంజతో విప్పడం అమ్మమ్మ ఐడియా.

మూడో రోజు నీళ్లొచ్చాయి. సంబరంగా హ్యాండిల్ వదిలేశా. పైపులో నీళ్లు దిగుతూ తాడుని కిందికి లాగాయి, చక్రం గిర్రున వెనక్కి తిరిగింది, హ్యాండిల్ నా మణికట్టుకి తగిలింది. నాకైతే వాపే. ఆవిడకైతే ఎముక విరిగేది. ఏ భుజం కోసం ఇదంతా మొదలుపెట్టానో దానికే ఎసరు పెట్టబోయానన్న మాట. ఆ సాయంత్రం తాడు ఊడదీసేశా. మర్నాడు వెల్డింగ్ షాపుకెళ్లి, పాత సైకిల్ ఫ్రీవీల్ ఒకటి ఇరుసుకి బిగించి, దాని పళ్ల వైపుని స్టాండుకి అతికించమన్నా. ఇప్పుడు ఇరుసు ఒక్కవైపే తిరుగుతుంది. హ్యాండిల్ వదిలితే అక్కడే ఆగుతుంది. పదిసార్లు నేనే వదిలి చూశాక గానీ అమ్మమ్మని ముట్టుకోనివ్వలేదు.

పదిహేను లీటర్ల బకెట్టు నాకు ముప్పావు నిమిషం, ఆవిడకి నిమిషం పైన. ఎడమ చేత్తో తిప్పుతుంది. ఫ్రీవీల్ తిరిగే చప్పుడు వీధి దాకా వినిపిస్తుందట. "ఏటిరా, ఇంట్లో సైకిల్ తొక్కుతున్నావేటని అడుగుతున్నారు" అంది ఫోన్లో.

గిలక మీది చేదని మాత్రం తియ్యనివ్వలేదు. నేనూ పట్టుబట్టలేదు. మొన్న మళ్లీ ఫోన్ చేసి, బిళ్లలు అరిగి నీళ్లు తగ్గాయంది. ఇరవై మూడు కొత్తవి కోసి బ్యాగులో పెట్టుకున్నా. శుక్రవారం రాత్రి ట్రైను.